సీలియాక్ వ్యాధితో గర్భధారణ: నా ప్రసూతి వైద్యురాలి సేవలపై సమీక్ష

సీలియాక్ వ్యాధి ఉన్న గర్భిణి ప్రసూతి వైద్యులను ఎంచుకునేటప్పుడు, వారి పేరుప్రఖ్యాతుల కంటే ముందుగా చూడవలసింది, వారు దీన్ని తిండి పట్టింపుగా కాక, గోధుమ వంటి ధాన్యాలలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తగిలితే రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీసే జబ్బుగా గుర్తిస్తారా లేదా అన్నది. నేను మొదట సంప్రదించిన చోట కొద్దిగా గోధుమ తింటే ఫరవాలేదన్నారు, అక్కడ కొనసాగలేదు.

ప్రస్తుత వైద్యురాలు తొలిసారే, ఈ జబ్బును గుర్తించడానికి చేసే టీటీజీ యాంటీబాడీల రక్తపరీక్షతో పాటు ఐరన్, ఫోలేట్, బి12, విటమిన్ డి స్థాయిలు కూడా చూడాలన్నారు. పేగు మానకపోతే పోషకాలు ఒంటబట్టవని, చికిత్స లేని సీలియాక్‌లో గర్భస్రావం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం వంటి ముప్పులు పెరుగుతాయని, గోధుమ, బార్లీ, రై ధాన్యాలను పూర్తిగా మానితే అవి తగ్గుతాయని ఓపికగా వివరించారు. నాకు అన్నిటికంటే నచ్చింది మందుల విషయంలో ఆమె చూపిన శ్రద్ధ: మాత్రలలో కలిపే పిండిపదార్థం గోధుమది కూడా కావచ్చు కనుక, ప్రతి ఐరన్, కాల్షియం మాత్ర గురించీ తయారీదారులను విచారించిన తరువాతే రాసిచ్చారు. జీర్ణకోశ వైద్యులతో స్వయంగా మాట్లాడారు. ప్రసవానికి చేరినప్పుడు నాకు పెట్టవలసిన భోజనం గురించి ఆసుపత్రి వంటశాలకు ముందుగానే రాతపూర్వకంగా తెలియజేశారు. ఇంతటి శ్రద్ధకు నేను ఎంతో రుణపడి ఉన్నాను.

లోపమూ ఉంది. ఆమె కోసం చాలాసేపు వేచి ఉండాలి. గ్లూటెన్ రహితమని రాసిన ఆహారంలో గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదన్న అంతర్జాతీయ ప్రమాణం వంటి వివరాలను నేను పోషకాహార నిపుణురాలి వద్ద తెలుసుకోవలసి వచ్చింది. అందుచేత ఈ వైద్యురాలిని ఎంచుకునేవారు మొదటి నెలల నుంచే అలాంటి నిపుణులను కూడా కలవడం మంచిది.