మేపుల్ చెట్టు నీడలో హోస్టాలు: నాలుగేళ్ళు పెంచాక నా రివ్యూ

న్యూజెర్సీలో ఇల్లు కొన్న మన వాళ్ళలో చాలామందికి ఈ సమస్య ఉంటుంది. ఇంటి వెనక పెద్ద మేపుల్ చెట్టు, దాని కింద రోజంతా నీడ, గడ్డి కూడా సరిగ్గా మొలవదు. మేం మొదటి రెండేళ్ళు అక్కడ గోంగూర, టమాటా, బీర అన్నీ వేసి చూశాం. బీర తీగ వెలుతురు వెతుక్కుంటూ కంచె ఎక్కి పక్కింటి వైపు వెళ్ళిపోయింది గానీ ఒక్క పిందె నిలవలేదు. ఎండ కావాల్సిన మొక్కని నీడలో పెట్టి హింసించడం ఎందుకని అప్పుడు హోస్టాల జోలికొచ్చాను, నీడలో బాగా పెరిగే, ఆకుల అందం కోసం పెంచుకునే మొక్కలివి. ఇప్పుడు అక్కడ పదకొండు మొక్కలున్నాయి. హోస్టా మంచి మొక్కే, అందులో నాకు అనుమానం లేదు, కానీ ఎక్కడ కొంటున్నారు, ఏ రూపంలో కొంటున్నారు అన్నదే అసలు విషయం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది కడియం దగ్గర. నర్సరీల మధ్యే పెరిగాను కాబట్టి మొక్క కొనేముందు ఆకు తిప్పి వెనక చూడడం, కుండీ ఎత్తి అడుగున వేళ్ళు ఎలా ఉన్నాయో చూడడం అలవాటు. మొదటిసారి కొన్న హోస్టాలకి ఆ చూసే అవకాశమే లేదు. చలి తగ్గే సమయానికి పెద్ద స్టోర్లలో పెడతారే, పైన రంగుల ఫోటో, లోపల కొంచెం పొట్టు, అందులో మట్టి లేని వేళ్ళ గుత్తులు, ఆ ప్లాస్టిక్ సంచి. మూడు గుత్తులు 12 డాలర్లు. ఇంటికి తెచ్చి గంటసేపు నీళ్ళలో నానబెట్టి నాటాను. ఒకటి అసలు లేవలేదు. రెండోది ఫోటోలో ఉన్న రకం కాదు, మామూలు పచ్చ ఆకు, పోనీలే అనుకున్నాను.

మూడోదే అసలు గొడవ. మే నెలలో ఆకులు విప్పింది. లేత పసుపు ఆకు మీద ఈనెల వెంబడి ముదురు ఆకుపచ్చ చారలు, తడి కాగితం మీద సిరా పాకినట్టు. ఆ చారలున్న చోట ఆకు కాస్త ముడుచుకుని ఉంది, వేలితో తడిమితే తేడా తెలుస్తోంది. ఏదో అరుదైన రకం దొరికిందని సంబరపడి ఫోటో తీసి ఇంట్లో అందరికీ పంపాను కూడా. అది హోస్టా వైరస్ ఎక్స్. 1996లో మిన్నెసోటా యూనివర్సిటీలో గుర్తించిన జబ్బు, ఇప్పటికీ దీనికి మందు లేదు. ఈ చారలు చూసి ఇదేదో కొత్త రకమని పేరు పెట్టి మరీ అమ్మిన రోజులున్నాయట. ఇది మొక్క రసం ద్వారా అంటుకుంటుంది, అంటే జబ్బు మొక్క ఆకు కోసిన కత్తెరతోనే పక్క మొక్క ఆకు కోస్తే చాలు. మొక్కని వేళ్ళతో సహా తవ్వి సంచిలో కట్టి చెత్తలో వేశాను, కంపోస్టులో వేయకూడదు. కత్తెర, పార బ్లీచ్ నీళ్ళతో కడిగాను. ఆ గుంటలో మిగిలిన వేరు ముక్కల్లో కూడా వైరస్ ఉండొచ్చు కాబట్టి ఇప్పటిదాకా అక్కడ మళ్ళీ హోస్టా పెట్టలేదు.

స్టోర్‌కి తీసుకెళ్ళి చూపిస్తే ఏమీ అనకుండా డబ్బులు వెనక్కిచ్చారు. కానీ అదే ఫోటో ఉన్న సంచులు అదే రాక్‌లో ఇంకా వేలాడుతున్నాయి. నాకు 12 డాలర్లు ముఖ్యం కాదు. ఇంకెవరో అవి కొనుక్కెళ్ళి, ఎన్నో ఏళ్ళుగా పెంచుకుంటున్న మొక్కల పక్కన పెడతారు కదా, అది తలుచుకుంటే నిజంగా బాధేసింది.

ఆ తర్వాత నుంచి కుండీలో ఉన్న మొక్కే కొంటున్నాను, అదీ మే నెలాఖరులో, ఆకులు పూర్తిగా విప్పుకున్నాక. మా ఇంటికి 40 నిమిషాల దూరంలో ఒక కుటుంబం నడిపే చిన్న నర్సరీ ఉంది. ఒక్కో కుండీ 18 నుంచి 24 డాలర్లు, సంచి మొక్కతో పోలిస్తే నాలుగున్నర నుంచి ఆరు రెట్లు. అక్కడ ఉండే పెద్దావిడ అడక్కుండానే కుండీని బోర్లించి వేళ్ళు చూపించింది, ఎన్ని పిలకలున్నాయో లెక్కపెట్టి మరీ ఇచ్చింది. అరటి పిలకలు తెలిసిన మనకి ఇది ఇట్టే అర్థమవుతుంది: మూడు పిలకలున్న కుండీ కొంటే రెండేళ్ళలో గుబురు, ఒక్క పిలక కొంటే నాలుగైదేళ్ళు ఓపిక పట్టాలి.

రకాల విషయానికొస్తే నాకు అన్నిటికన్నా ఇష్టమైనది హాల్సియన్. తమలపాకు ఆకారం, నీలం కలిసిన బూడిద రంగు. ఆ నీలం నిజానికి ఆకు రంగు కాదు, ఆకు మీద ఉండే మైనం లాంటి పూత. బూడిద గుమ్మడికాయ మీద తెల్లగా ఉంటుంది చూడండి, వేలితో రుద్దితే కింద పచ్చ బయటపడుతుంది, అచ్చం అలాగే. అందుకే దాని మీద నీళ్ళు ఫోర్సుగా కొట్టకూడదు, ఎండ తగలనివ్వకూడదు. మా దగ్గర ఆగస్టుకల్లా వేడికి ఆ పూత కరిగి ఆకు పచ్చగా అయిపోతుంది, మళ్ళీ వసంతం దాకా ఆగాలి. జూన్ అనే రకం దీనిలోంచి వచ్చిందే, మధ్యలో పసుపు, అంచున నీలం. 2001లో హోస్టా ఆఫ్ ద ఇయర్‌గా ఎంపికైంది, ఎందుకో కళ్ళారా చూస్తే తెలుస్తుంది. సమ్ అండ్ సబ్‌స్టాన్స్ అయితే చేమాకంత ఆకు, పెరిగితే ఐదారు అడుగుల వెడల్పు, చోటు చూసుకుని పెట్టండి. బ్లూ మౌస్ ఇయర్స్ చిన్న గుబురు, మెట్ల పక్కన చిన్న కుండీకి బాగుంటుంది. పేట్రియట్ తెల్ల అంచుతో చీకటి మూలని వెలిగిస్తుంది గానీ నా అనుభవంలో నత్తలు ముందు దాన్నే పట్టాయి. ఆకు మందంగా ఉన్న రకాల మీద వాటి పళ్ళు పెద్దగా పనిచేయవు. మిగతావాటికి సాయంత్రం ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు చల్లుతున్నాను.

మేపుల్ కింద పెట్టేవాళ్ళు ఒకటి గమనించాలి. అక్కడ నీడ కంటే పెద్ద ఇబ్బంది చెట్టు వేళ్ళు. అవి పైపైనే అల్లుకుని ఉంటాయి, మీరు పోసిన నీళ్ళు హోస్టా కన్నా ముందు చెట్టే తాగేస్తుంది. వారానికి అంగుళం లోతు నీళ్ళు తగ్గకుండా చూసుకోవాలి. పైన రెండంగుళాల మల్చ్, అంటే చెక్క పొట్టు లాంటి కప్పు, వేయండి, మొక్క మొదలు మాత్రం కప్పొద్దు, కుళ్ళిపోతుంది. చెట్టు మొదలుకి మరీ దగ్గరగా నాటిన రెండు మొక్కలు మూడేళ్ళయినా మొదటి ఏడాదంతే ఉంటే, తీసి కుండీల్లోకి మార్చాను, ఒక్క వేసవిలోనే తేడా కనిపించింది. చలికాలం ఆ కుండీల్ని గోడ వారగా పక్కకి పడుకోబెడతాను, మంచు నీళ్ళు దిగి గడ్డకట్టకుండా.

జింకలు తిరిగే వీధి అయితే కంచె లేకుండా హోస్టా కొనకండి, నేను గట్టిగా చెప్పే మాట ఇది. రెండో ఏడాది ఒక్క రాత్రిలో నాలుగు మొక్కల ఆకులన్నీ తినేసి కాడలు మాత్రం మిగిల్చాయి. కుళ్ళిన గుడ్ల వాసన వచ్చే స్ప్రే పనిచేస్తుంది గానీ వాన పడ్డ ప్రతిసారీ మళ్ళీ కొట్టాలి. కుక్క, పిల్లి ఉన్న ఇళ్ళవాళ్ళు కూడా ఆలోచించుకోండి, ఆకు నమిలితే వాటికి వాంతులవుతాయి.

మా అమ్మ వేసవికి వచ్చినప్పుడు హాల్సియన్ చూసి, ఒక పిలక కడియం పట్టుకెళ్తానే అంది. వద్దన్నాను. మొక్కలు దేశం దాటించడానికి కాగితాలు కావాలన్నది ఒక కారణమైతే, అసలు కారణం చలి. హోస్టాకి శీతాకాలంలో ఆకులన్నీ రాల్చి కొన్ని వారాలు గట్టి చలిలో పడుకోవడం కావాలి. మన గోదావరి జిల్లాల్లో ఆ నిద్ర దొరకదు, రెండు మూడేళ్ళలో నీరసించిపోతుంది. ఇది జపాన్, కొరియా, చైనా కొండల మొక్క, జపాన్‌లో లేత మొలకల్ని కూరగా వండుకుంటారని చెబితే అమ్మ ఆశ్చర్యపోయింది.

రేటింగ్ అడిగితే సంచి హోస్టాలకి ఐదుకి ఒకటి, కుండీ మొక్కలకి నాలుగున్నర. ఆ అర తగ్గించింది జింకల వల్ల. ఒక్కటే కొనే బడ్జెట్ ఉంటే ప్లాంటాజీనియా అనే హోస్టా కొనండి. ఆకు మామూలు పచ్చే, కానీ ఆగస్టులో పొడుగాటి తెల్ల పూలు సాయంత్రం పూట విచ్చుకుంటాయి, ఘుమఘుమలాడిపోతాయి. ఆ నెలలో మేం కుర్చీలు ఆ మేపుల్ కిందే వేసుకుంటాం.