రెండో బండిగా సెకండ్ హ్యాండ్ 650 సీసీ బైకు: 6 ఏళ్లు, 27,000 కిలోమీటర్ల తర్వాత

మొదట చూసిన బండికి 8 ఏళ్ల వయసు, 6,200 కిలోమీటర్ల రీడింగ్. ట్యాంకు మీద ఒక్క గీత లేదు. "చంటిపిల్లలా చూసుకున్నానండీ" అన్నాడు ఓనరు. అబద్ధం చెప్పాడని నేను అనను. కాకపోతే వంగి టైరు పక్క గోడ మీద చిన్న గడిలో ఉండే నాలుగు అంకెలు చూశాను. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2311 అని ఉంటే 2011లో 23వ వారంలో తయారైన టైరు అన్నమాట. బండితో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన టైర్లే అవి. గోరు నొక్కితే దిగలేదు, గాడుల అడుగున సన్నటి పగుళ్లు. ముందు బ్రేకు ఆయిల్ కషాయం రంగుకి తిరిగింది. ట్యాంకు మూత తీసి టార్చి వేస్తే లోపల అతుకు వెంబడి ఎర్రటి తుప్పు. పైన పటారం, లోన లొటారం అంటారే, అదీ సంగతి. నడపకుండా నిలబెట్టిన బండి, వద్దని వచ్చేశాను.

రెండోది 7 ఏళ్ల బండి, 31,000 తిరిగింది. హ్యాండిల్ చివర గీసుకుపోయి ఉంది, ట్యాంకుకి ఒక చిన్న సొట్ట. కానీ చైను తడిగా, శుభ్రంగా ఉంది. నేను వెళ్లగానే ఇంజన్ మీద అరచెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే పొద్దున్నే మొరాయించే రోగం మనకి కనబడదు. ఆ పెద్దాయన నా చేతిని చూసి నవ్వి, "కావాలనే తియ్యలేదు బాబూ, నువ్వే సెల్ఫ్ కొట్టు" అన్నారు. మొదటి దెబ్బకే అందుకుంది. తర్వాత ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి ఇచ్చారు. అందులో మొదటి సర్వీసు నుంచి అన్ని రసీదులూ ఉన్నాయి, వాల్వ్ క్లియరెన్స్ (ఇంజన్ వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నటి సందు) చూపించిన రసీదు సహా. "నడుము ఒప్పుకోవట్లేదు, లేకపోతే అమ్మేవాణ్ణి కాదు. ఏ నెలా ఖాళీగా ఉంచలేదు" అన్నారు.

31 వేలు తిరిగిన బండి ఎవడైనా కొంటాడా అని మావాడు ఒకడు ఇప్పటికీ అంటూనే ఉంటాడు. ఇప్పుడు రీడింగ్ 58,000 దాటింది. ఇంజన్ విప్పలేదు. ఆ బండి పేరు మాత్రం రాయడం లేదు. 650 సీసీ, రెండు సిలిండర్లు, ముందు సగం ఫెయిరింగ్ (గాలి తగలకుండా ఉండే తొడుగు), అంతవరకు చాలు. 13 ఏళ్ల బండి మంచీ చెడూ కంపెనీ చేతిలో కన్నా అంతకుముందు నడిపిన మనిషి చేతిలోనే ఎక్కువ ఉంటాయి.

నా మొదటి బండి 150 సీసీది. రోజూ పనికి అదే, ఇప్పటికీ. రెండోది వెతకడానికి ముందు ఒక కాగితం మీద మొదటిది చేయలేని పనులు రాసుకున్నాను. హైవే మీద సామానుతో మూడు గంటలు ఏకబిగిన వెళ్లలేదు. వెనక మనిషి కూర్చుంటే ఎత్తు ఎక్కేటప్పుడు ఓవర్‌టేక్ అంటే గుండె దడ. కొండదారుల్లో మలుపు తిరిగాక పికప్ ఉండదు. అంతే, మూడు ముక్కలు. ఈ కాగితం వల్ల చాలా పని తగ్గింది. ట్రాఫిక్‌లో తేలిగ్గా ఉండాలా, మైలేజీ ఇవ్వాలా అన్న ప్రశ్నలే పోయాయి, ఆ పనులకి మొదటి బండి ఉందిగా. అలాగే వెయ్యి సీసీల మీద మోజు కూడా పోయింది. నా మూడు ముక్కల్లో గంటకి 200 కిలోమీటర్ల వేగం ఎక్కడా లేదు.

కొనేముందు తెలిసినవాళ్ల బండ్లు నాలుగు నడిపి చూశాను. సుజుకి ఎస్‌వీ650 1999లో వచ్చిన 645 సీసీ వీ-ట్విన్, అంటే రెండు సిలిండర్లూ ఇంగ్లిషు V అక్షరంలా ఉంటాయి. సిలిండర్ల మధ్య 90 డిగ్రీల కోణం, అందుకే వణుకు తక్కువ. కవాసకి నింజా 650లో 649 సీసీ పారలల్ ట్విన్, అంటే సిలిండర్లు పక్కపక్కనే. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) 180 డిగ్రీలది, పై రౌండ్లలో, అంటే ఇంజన్ నిమిషానికి ఎక్కువ చుట్లు తిరిగేటప్పుడు, హుషారెక్కుతుంది. యమహా ఎంటీ-07లో 689 సీసీ, రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్‌లో 648 సీసీ. ఈ రెండింట్లోనూ క్రాంకు 270 డిగ్రీలది. దానివల్ల రెండు సిలిండర్లు మండే ఎడం 90 డిగ్రీల వీ-ట్విన్‌లో లాగే ఉంటుంది. సైలెన్సర్ శబ్దంలోనూ ఆ ఎగుడుదిగుడు లయ వినిపిస్తుంది. కాగితం మీద చూస్తే నాలుగూ దగ్గర దగ్గర బండ్లే, ఎక్కితే నలుగురు వేరు వేరు మనుషులు. ఏది మంచిదని ఎవరైనా అడిగితే నేను చెప్పను. అరగంట నడిపి మోకాళ్లు, మణికట్లు ఏమంటున్నాయో వాటినే అడగమంటాను.

ఇక ఆరేళ్ల వాడకం. మొదట ఇంజన్ గురించి: 3,000 రౌండ్ల నుంచే లాగుతుంది, ఆరో గేరులో 100 మీద ఉన్నప్పుడు కూడా గేరు దించకుండా ఓవర్‌టేక్ చేయొచ్చు. రెండో బండి కొన్నది ఈ ఒక్క సుఖం కోసమే అనిపిస్తుంది. లీటరుకి 22 వరకు ఇస్తుంది, గట్టిగా నడిపితే 18. వెనక టైరు 11 నుంచి 12 వేల కిలోమీటర్లకి అయిపోతోంది. తిన్నటి హైవే ఎక్కువ కాబట్టి నడుమ చదునుగా అరిగి, మలుపులో వంచగానే ఒక మెట్టు దిగినట్టు ఉంటుంది. అప్పుడే మార్చేస్తాను, గాడిలో అరుగుదల చూపే గీత వచ్చేదాకా ఆగను. ఇంతవరకు అయిన పనులు: 36 వేల దగ్గర ముందు ఫోర్కు సీళ్లు, 44 వేల దగ్గర చైనూ రెండు స్ప్రాకెట్లూ కలిపి, 52 వేల దగ్గర హ్యాండిల్ బేరింగులు, రెండు బ్యాటరీలు, ఒక క్లచ్ కేబుల్. హ్యాండిల్ బేరింగులు కొనేనాడే పట్టుకోవచ్చు. ముందు చక్రం నేలకి తగలకుండా లేపి హ్యాండిల్‌ని వేలితో మెల్లగా తిప్పితే సరిగ్గా నడుమ ఎక్కడో "టక్" మని కూర్చుంటుంది. నేను అన్నీ చూసి అదొక్కటి మర్చిపోయాను.

బాధపెట్టింది మాత్రం ఛార్జింగ్. 47 వేల దగ్గర, రాత్రి, ఇల్లు ఇంకా 140 కిలోమీటర్లు. హెడ్‌లైటు మసకబారింది, ఇండికేటర్ వేస్తే మీటరు ముల్లు తుళ్లిపడింది. సీటు తీసి మల్టీమీటరు పెడితే 4,000 రౌండ్ల దగ్గర 12.1 ఓల్టులు. మామూలుగా అయితే అక్కడ 14కి అటూ ఇటూ ఉండాలి. ఇంజన్ లోని స్టేటర్ (కరెంటు పుట్టించే తీగచుట్ట) నుంచి రెగ్యులేటర్‌కి (ఓల్టేజీని అదుపు చేసే పెట్టె) వచ్చే మూడు పసుపు వైర్ల కనెక్టర్ కరిగి, ఒక పిన్ను గోధుమరంగులో ప్లాస్టిక్‌కి అతుక్కుపోయి ఉంది. చిలుము పట్టిన పిన్ను దగ్గర రెసిస్టెన్స్ పెరుగుతుంది, దాంతో వేడి, ఆ వేడికి ఇంకా చిలుము. ఇందులో నా పాపం కూడా కొంత ఉండొచ్చు. కరెంటు ఆదా అని పాత బల్బు తీసి ఎల్ఈడీ పెట్టాను. నా బండిలో ఉన్న రకం రెగ్యులేటర్లు వాడని కరెంటుని వెనక్కి షార్ట్ చేసి వేడిగా వదిలేస్తాయి. లైటు తక్కువ తాగితే రెగ్యులేటర్ నెత్తిన ఎక్కువ భారం పడుతుంది. అదే కారణమని ఒట్టు పెట్టలేను గానీ, ఆ రాత్రి తర్వాత తక్కువ వేడెక్కే మాస్‌ఫెట్ రకం రెగ్యులేటర్ తెచ్చి, గాలి తగిలే చోట బిగించి, కొత్త కనెక్టర్ వేయించాను. మళ్లీ ఆ గొడవ లేదు. పాత బండి చూడటానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక చిన్న మల్టీమీటరు పెట్టుకోండి. ఆగి ఉన్నప్పుడు 12.6 పైన, 5,000 రౌండ్ల దగ్గర 13.8 నుంచి 14.5. ఈ రెండు కొలతలు చూడనిస్తే సరి, ఓనరు చూడనివ్వకపోతే అదీ ఒక జవాబే.

ఇప్పుడు అసలు తప్పు చెప్తాను. కాగితం మీద మొదటి బండి చేయలేని పనులన్నీ రాశాను గానీ, రెండో బండి మిగతా రోజుల్లో ఏం చేస్తుందన్నది రాయలేదు. ఏమీ చేయదు, నిలబడి ఉంటుంది. నిలబడిన బండి వద్దని మొదట చూసిన బండి ఓనరు ఇంటినుంచి లేచి వచ్చేసిన నేను, రెండో ఏడాదిలో అదే పని చేశాను. పని ఒత్తిడి, తర్వాత వానలు, తర్వాత ఇంకేదో. మూడు నెలలు కవరు కిందే ఉంది. తీసిన రోజు బ్యాటరీ 11.8. వేరే బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేసి, క్లచ్ పట్టి గేరు వేస్తే బండి ఒక్కసారి ముందుకు దూకి ఆగిపోయింది. క్లచ్ పట్టే ఉన్నాను! ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇంజన్ ఆపి, రెండో గేరులో పెట్టి, క్లచ్ నొక్కి పట్టుకుని బండిని ముందుకీ వెనక్కీ ఊపాను. పది పదిహేను ఊపుల తర్వాత లోపల ఏదో పిట్టలా చిటుక్కుమంది, చక్రం వదులైంది. ముందు బ్రేకు పిస్టన్ ఒకటి బిగుసుకుపోయి చక్రం గరగరమంటోంది. పెట్రోలు వాసన మారిపోయింది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టు ఇన్సూరెన్స్ మాత్రం ఆ మూడు నెలలకీ కట్టాను.

అప్పట్లో వారానికోసారి స్టాండు మీదే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచమని ఒకరు సలహా ఇచ్చారు. కొన్నాళ్లు పాటించాను కూడా. అది చెయ్యకపోవడమే నయం. ఐదు నిమిషాల్లో ఆయిల్ సరిగా వేడెక్కదు, మండినప్పుడు పుట్టిన తేమ ఇంజన్‌లో, సైలెన్సర్‌లో మిగిలిపోతుంది. సెల్ఫ్ తాగిన ఛార్జి కూడా బ్యాటరీకి తిరిగి రాదు. ఒకరోజు ఆయిల్ మూత తీస్తే అడుగున తెల్లటి మీగడలా పేరుకుని ఉంది. ఇప్పుడు పది రోజులకి మించి ఆగితే బ్యాటరీకి మెయింటెయినర్ (ఛార్జి దిగిపోకుండా చూసే చిన్న ఛార్జర్) తగిలిస్తాను, రెండు వారాలకోసారి 30 కిలోమీటర్లకి తగ్గకుండా తిప్పుతాను. బ్రేకు ఆయిల్ నడిపినా నడపకపోయినా రెండేళ్లకోసారి మారుస్తాను, అది గాలిలోని తేమని పీల్చేరకం.

ఇంకో సంగతి చేతులకి సంబంధించింది. వారమంతా 140 కిలోల బండి నడిపి, ఆదివారం 205 కిలోల దాని మీద కూర్చుంటే మొదటి పది కిలోమీటర్లూ శరీరం పాత లెక్కే వేస్తుంది. ఒకసారి గేటు ముందు, నడక వేగంలో, హ్యాండిల్ తిప్పి ఉండగా ముందు బ్రేకు పట్టాను. చిన్న బండి అయితే కాలితో ఆపేసేవాణ్ణి. ఇది ఆగలేదు, తాపీగా పడుకుంది, నేనూ దాని పక్కనే. ఎడమ పక్కకి పడింది కాబట్టి కదలకుండా గేరులో ఉంచి, హ్యాండిల్ నేల వైపుకి పూర్తిగా తిప్పి, నడుము సీటుకి ఆనించి, ఒక చెయ్యి గ్రిప్పు మీద, ఇంకోటి ఫ్రేము మీద వేసి, వెనక్కి చిన్న చిన్న అడుగులతో లేపాను. కుడి పక్కకి పడితే సైడ్ స్టాండు ముందే దించి పెట్టాలి, లేకపోతే లేపిన ఊపుకి అవతలికి పడుతుంది. కొనకముందే ఇది ఒకసారి సాధన చేసి ఉంటే వెన్ను ఆ వారమంతా సణిగేది కాదు. ఆ రోజు క్లచ్ లివరు చివరి గుండు విరిగింది. ఇంకా మార్చలేదు.

ఎవరికి సరిపోతుందంటే, వారంలో ఒక పూటైనా దాని కోసం తీయగలిగినవాళ్లకి, బండి పక్కన కూర్చుని చేతులకి ఆయిల్ అంటించుకోవడం శిక్షలా అనిపించనివాళ్లకి. ఏడాదికి రెండు పెద్ద ప్రయాణాలే చేస్తారనుకుంటే అద్దెకి తీసుకోవడం మేలు. మొన్న మావాడే, 31 వేల బండి ఎవడు కొంటాడన్నవాడే, ఒక 650 చూడటానికి తోడు రమ్మన్నాడు. 4,000 తిరిగిందట, ఆరేళ్ల బండి, తళతళా మెరుస్తోందట. సరే అని మల్టీమీటరు, టార్చి జేబులో వేసుకుని బయల్దేరాను. వాడు ఓనరుతో మాటల్లో ఉండగా నేను వెనక చక్రం దగ్గర గొంతుకూర్చుని ఆ నాలుగు అంకెల కోసం టైరు తిప్పుతున్నాను.