జుట్టు పెంచుతూ ఏళ్ల తరబడి వాడినవి: ఏవి ఉంచుకున్నాను, ఏవి వదిలేశాను

భుజాల దగ్గరున్న జుట్టు నడుము దాకా రావడానికి కొన్నేళ్లు పట్టింది. ఈలోగా నూనెలు, సీరమ్‌లు, మాత్రలు, దువ్వెనలు, దిండు గలీబులు చాలానే వచ్చి పోయాయి. ఇప్పటికీ వాడుతున్నవి మాత్రం కొన్నే. వాటిలో 'జుట్టు త్వరగా పెరుగుతుంది' అని సీసా మీద రాసి ఉన్నది ఒక్కటి కూడా లేదు. కొసల్ని విరగకుండా చూసేవే మిగిలాయి.

ఎందుకో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. తల వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరు, మహా అయితే ఇంకాస్త పెరుగుతుంది. ఏడాదికి 12 నుంచి 15 సెంటీమీటర్లు. అంటే 60 సెంటీమీటర్ల జుట్టు కొసకు నాలుగైదేళ్ల వయసుంటుంది. అన్నేళ్ల తలస్నానాలూ దువ్వడాలూ ఎండలూ దాని మీదుగానే పోయాయి. పైగా అది కెరటిన్ అనే జీవం లేని ప్రోటీన్, గాయమైన చర్మంలా తనంతట తాను మానదు. 'నా జుట్టు ఇంతకంటే పెరగదు' అనుకునే చాలామంది విషయంలో పైన పెరిగినంతా కింద విరిగిపోతూ ఉంటుంది. దువ్వెనలో వచ్చిన వెంట్రుకను ఒకసారి వెలుతురులో చూడండి. ఒక చివర తెల్లటి చిన్న గుబ్బ ఉంటే అది కుదురు నుంచి ఊడింది. అలాంటివి రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే, టెన్షన్ పడక్కర్లేదు. గుబ్బ లేని పొట్టి ముక్కలు ఎక్కువగా కనిపిస్తే మాత్రం జుట్టు మధ్యలో విరుగుతోందన్నమాట.

నా మార్కుల్లో మొదటి స్థానం కండిషనర్‌దే. ఖరీదైనదా మామూలుదా అన్నది తర్వాతి మాట, ప్రతి తలస్నానానికీ వాడడం ముఖ్యం. పాడైన చోట వెంట్రుకకు రుణావేశం ఎక్కువగా ఉంటుంది. కండిషనర్‌లోని పదార్థాలకు ధనావేశం. అందుకే నీళ్లు పోసినా కొంత వెంట్రుకకు అంటుకునే ఉండి రాపిడి తగ్గిస్తుంది. షాంపూ మాడుకు, కండిషనర్ మెడ కిందికి: నేను పాటించే పద్ధతి ఇదే. నురగ కిందికి జారేటప్పుడు కొసలు ఎలాగూ శుభ్రపడతాయి, వాటిని విడిగా రుద్దే పనే లేదు.

రెండోది వెడల్పు పళ్ల దువ్వెన. తడి జుట్టు పొడి జుట్టు కంటే ఎక్కువ సాగుతుంది, తొందరగా తెగుతుంది కూడా. కండిషనర్ ఉండగానే వేళ్లతో విడదీసి, ఆ తర్వాత కొసల నుంచి పైకి కొంచెం కొంచెంగా చిక్కు తీస్తాను. పై నుంచి ఒక్కసారిగా కిందికి లాగితే చిక్కులన్నీ ఒకచోట చేరి ముడిపడతాయి. దువ్వెన కొనేటప్పుడు పళ్ల మధ్య వేలు పెట్టి చూడండి. అచ్చు పోసిన ప్లాస్టిక్ వాటికి అక్కడ సన్నటి అంచు మిగిలిపోతుంది, ప్రతిసారీ వెంట్రుకను గీకేది అదే. నున్నగా కోసిన దువ్వెన ఒక్కటి కొంటే పోయేదాకా వాడుకోవచ్చు. (పోవడమంటే విరగడం కాదు, ఇంట్లో ఎవరో తీసుకుని ఎక్కడో పెట్టేయడం.)

కొబ్బరి నూనె గురించి రెండు వైపులా అతి మాటలు విన్నాను. నా అనుభవం మధ్యలో ఉంది. తలస్నానానికి ముందు పొడవు భాగానికి రాస్తే తేడా తెలుస్తుంది, ముఖ్యంగా కొసల్లో. వెంట్రుక నీళ్లు పీల్చి ఉబ్బడం, ఆరి మళ్లీ ముడుచుకోవడం, ఇదే దాన్ని నెమ్మదిగా బలహీనం చేస్తుంది. కొబ్బరి నూనెలోని లారిక్ ఆమ్లం అణువు చిన్నది, తిన్నటిది కాబట్టి వెంట్రుక లోపలికి వెళ్తుంది, కడిగేటప్పుడు ప్రోటీన్ పోవడాన్ని తగ్గిస్తుంది. మినరల్ ఆయిల్ పైపైనే ఉంటుంది. రాత్రంతా ఉంచినా, గంటో రెండు గంటలో ఉంచినా నాకు ఒకేలా అనిపించింది, అందుకని జిడ్డు దిండుతో పడుకోవడం మానేశాను. చుండ్రు ఉన్నవాళ్లు మాడుకు పట్టించకపోవడం మంచిది, అది ఇంకా పెరగొచ్చు. సన్నటి వెంట్రుకలున్నవాళ్లకు నాలుగు చుక్కలు ఎక్కువైనా జుట్టు అతుక్కుపోయినట్టు ఉంటుంది.

సిలికాన్ సీరమ్‌ను (వెంట్రుక మీద నున్నటి పూతలా నిలిచే ద్రవం) సమర్థిస్తున్నానంటే కొందరికి నచ్చకపోవచ్చు. 'సిలికాన్ జుట్టుకు ఊపిరాడనివ్వదు' అంటారు. వెంట్రుకకు ఊపిరే లేదు! సీరం మానేసి చూసిన రోజుల్లో నా కొసలు ఒకదానికొకటి పెనవేసుకుని చిక్కులు రెట్టింపయ్యాయి. రెండు చుక్కలు, తడి కొసలకు మాత్రమే. పేరుకున్నట్టు అనిపిస్తే మామూలు షాంపూతో ఒకసారి కడిగితే చాలావరకు పోతుంది.

శాటిన్ గలీబు పర్వాలేదు. పొద్దున చిక్కులు తగ్గాయి కానీ, వదులుగా జడ వేసుకుని పడుకోవడం వల్ల వచ్చిన లాభంతో పోలిస్తే అది కొసరే.

హెయిర్ డ్రయ్యర్‌ను మొదట దగ్గరికి రానివ్వలేదు. అయితే పొడవు పెరిగేకొద్దీ జుట్టు గంటల తరబడి తడిగానే ఉండిపోతుంది, అదీ మంచిది కాదు. ఇప్పుడు గోరువెచ్చని గాలితో, జానెడు దూరంలో, ఒకచోట ఆపకుండా తిప్పుతూ సగానికి పైగా ఆరబెట్టి వదిలేస్తాను. స్ట్రెయిటనర్ జోలికి మాత్రం పోను. తడి జుట్టు మీద అది పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు ఏర్పడతాయి, సరిగ్గా అక్కడే విరుగుతుంది.

బయోటిన్ (ఒక బి విటమిన్) మాత్రలకు సున్నా. ఒంట్లో బయోటిన్ లోపం ఉన్నవాళ్లకు పనిచేస్తుంది, ఆ లోపం అరుదు. దానికి తోడు ఎక్కువ మోతాదులో వేసుకుంటే థైరాయిడ్, గుండెకు సంబంధించిన కొన్ని రక్తపరీక్షల ఫలితాలు తారుమారు కావచ్చు. వేసుకుంటూ ఉంటే పరీక్షకు ముందే డాక్టరుకు చెప్పండి. గుబ్బతో సహా వెంట్రుకలు ఉన్నట్టుండి గుప్పెళ్లుగా రాలుతుంటే సీరమ్‌లు వెతకడం మాని ఐరన్, థైరాయిడ్ చూపించుకోవడం మేలు. పెద్ద జ్వరం తర్వాతో, కాన్పు తర్వాతో రెండు మూడు నెలలకు ఇలా రాలడం మామూలే, చాలామందికి తిరిగి వస్తుంది.

కత్తిరిస్తే వేగంగా పెరుగుతుందన్నది నిజం కాదు, కత్తెర సంగతి కుదురుకు తెలియదు. అయినా చిట్లిన కొసను వదిలేస్తే చీలిక పైకి పాకుతుంది. చిట్లిన కొసల్ని అతికిస్తామనే క్రీములు మళ్లీ తలస్నానం చేసేదాకా కప్పి ఉంచుతాయి, అంతే. నేను వెలుతురులో కూర్చుని చిట్లిన వాటిని ఒక్కొక్కటిగా, చీలిక మొదలైన చోటికి కాస్త పైన కోస్తాను. కత్తెర జుట్టుకే ప్రత్యేకం. కాగితాలు కోసే మొండి కత్తెర ఇంకో చీలికను మొదలుపెడుతుంది.

ఇంకా లొంగనిది ఒకటి ఉంది, మెడ వెనక పొర. కాలర్‌కు రాసుకుని రాసుకుని అక్కడి వెంట్రుకలు మిగతా వాటి కంటే ఎప్పుడూ జానెడు పొట్టిగానే ఉంటాయి. ముడి పైకి వేసుకుంటే రాపిడి తగ్గుతుంది కానీ, రోజూ ఒకేచోట బిగిస్తే నుదుటి దగ్గర లాగుతుంది. ఆ లాగుడు ఏళ్లపాటు సాగితే అక్కడ జుట్టు శాశ్వతంగా పల్చబడొచ్చు. అందుకే ముడి ఒకరోజు పైకి, ఒకరోజు కిందికి మారుస్తున్నాను. పిన్నుల కంటే మెత్తటి గుడ్డ బ్యాండు నయంగా ఉంది.