లైబ్రరీల తరఫున సంతకం పెట్టే సంస్థ: నమ్‌ఫోకస్‌కి చందా ఇచ్చాక నా అభిప్రాయం

ముందే చెప్తున్నా, నేను ప్రోగ్రామర్‌ని కాను. ఆడిట్ మనిషిని. వోచర్లూ బ్యాంకు స్టేట్‌మెంట్లూ సరిచూసీ సరిచూసీ విసుగొచ్చి, ఆరేళ్ళ క్రితం పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నాను. ఇప్పుడు పాండాస్ (పట్టికల్లోని డేటాతో పనిచేసే పైథాన్ లైబ్రరీ, అంటే అందరూ వాడుకునేలా ముందే రాసిపెట్టిన కోడ్) ముట్టుకోని రోజు లేదు. కాబట్టి ఇలాంటి లైబ్రరీలకి డబ్బు చేరేలా చూసే నమ్‌ఫోకస్ అనే సంస్థ గురించి నేను రాసేదాంట్లో కోడ్ తక్కువ, లెక్కలు ఎక్కువ. తొందరలో ఉన్నవాళ్ళకి మార్కులు ముందే వేసేస్తున్నా: అయిదుకి నాలుగు.

చందా ఇవ్వాలనిపించింది ఒక ఎర్రర్ మెసేజ్ చూసి. 2024 జూన్‌లో నంపై (పాండాస్‌కి ఆధారమైన, అంకెల లెక్కలు చేసే లైబ్రరీ) 2.0 వచ్చింది. 2006లో 1.0 వచ్చిన తర్వాత అంత పెద్ద మార్పు అదే మొదటిసారి. నేనేమో ఏం మారిందో చదవకుండా అప్‌డేట్ కొట్టేశాను. మర్నాడు పొద్దున ఇవ్వాల్సిన రిపోర్టు తాలూకు స్క్రిప్టు మధ్యలో ఆగిపోయింది. ఒకటే టెన్షన్. తీరా చూస్తే తప్పు నాదే. ఖాళీ గడిని సూచించే ‘నాన్’ అనే పేరులో రెండు ఎన్‌లూ క్యాపిటల్‌లో రాసే పాత అలవాటు నాది. 2.0లో ఆ స్పెల్లింగ్ తీసేసి, అన్నీ చిన్నక్షరాలున్నది ఉంచారు. ఆ సంగతి నేనెక్కడా వెతకక్కర్లేకపోయింది. ఇది తీసేశాం, దీని బదులు ఇది రాయండి అని ఎర్రర్ మెసేజ్‌లోనే ఉంది. రెండు నిమిషాల్లో పని అయిపోయింది.

నాలాంటివాళ్ళు ఎక్కడ బోల్తా పడతారో ముందే ఊహించి ఆ వాక్యం రాసిపెట్టిందెవరు? వాళ్ళకి డబ్బెవరిస్తున్నారు? ఆడిటర్ బుద్ధి కదా, అక్కడికే పోయింది.

తవ్వి చూస్తే, చాలాకాలం దాదాపు ఎవరూ ఇవ్వలేదు. నంపై మొదటి పదేళ్ళూ ఎక్కువగా స్వచ్ఛందంగా పనిచేసినవాళ్ళ మీదే నడిచింది. చెప్పుకోదగ్గ గ్రాంట్లు 2017లో గానీ రాలేదు. అవి మూర్, స్లోన్ ఫౌండేషన్లు ఇచ్చినవి, అదీ బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ద్వారా. ఇలాంటి పనికి డబ్బు చేరడానికి ఒక దారి ఉండాలని 2012లో కొందరు కలిసి అమెరికాలో నమ్‌ఫోకస్ పెట్టారు. నంపై సృష్టికర్త ట్రావిస్ ఒలిఫాంట్, గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ రాసిన జాన్ హంటర్ వాళ్ళలో ఉన్నారు. హంటర్ అదే ఏడాది ఆగస్టులో చనిపోయారు. ఈ రోజుకీ నేను గీసే ప్రతి గ్రాఫూ ఆయన మొదలుపెట్టిన లైబ్రరీతోనే.

ఇక అసలు సేవ. దాన్ని ఫిస్కల్ స్పాన్సర్‌షిప్ అంటారు. పేరు వింటే నిద్రొస్తుంది గానీ, నేను నాలుగు మార్కులు వేసింది దీనికే. ఒక లైబ్రరీని అయిదు దేశాల్లో ఉన్న అయిదుగురు చూసుకుంటున్నారనుకోండి. ఏదో ఫౌండేషన్ వాళ్ళకి గ్రాంటు ఇస్తానంది. చెక్కు ఎవరి పేరు మీద రాయాలి? రిపోజిటరీకి, అంటే కోడ్ దాచే చోటుకి, బ్యాంకు ఖాతా ఉండదు, సంతకం ఉండదు. ఒకరి సొంత ఖాతాలో వేస్తే అది ఆయన ఆదాయం కింద లెక్కకొస్తుంది, పన్ను ఆయన నెత్తిన పడుతుంది. మిగతా నలుగురూ ఎంత మంచివాళ్ళయినా ఏడాది తిరిగేసరికి “ఆ డబ్బేమైంది?” అనే మాట వస్తుంది. స్నేహితులు కలిసి నడిపిన సంఘాల లెక్కల పుస్తకాలు నేను చాలానే చూశాను. డబ్బు తినేసినవాళ్ళు తక్కువ, రసీదులు దాచనివాళ్ళు ఎక్కువ. అయినా గొడవ మాత్రం ఒకేలా ఉంటుంది. పోనీ సొంతంగా సంస్థ పెడదామా అంటే రిజిస్ట్రేషను, బోర్డు, ఏటా రిటర్నులు. కోడ్ రాయడానికి మిగిలే సాయంత్రాలు కాస్తా అందులో పోతాయి.

నమ్‌ఫోకస్ ఆ లైబ్రరీని తన గొడుగు కిందికి తీసుకుంటుంది. గ్రాంటు ఒప్పందం మీద అదే సంతకం పెడుతుంది. డబ్బు తన ఖాతాలో వేసుకుని, ఆ లైబ్రరీ పేరున విడిగా లెక్క రాస్తుంది. పనిచేసిన డెవలపర్ ఇన్వాయిస్ పంపితే చెల్లిస్తుంది. దేనికి ఖర్చు పెట్టాలో లైబ్రరీ బృందం చెప్తుంది. అది పన్ను మినహాయింపు ఉన్న సంస్థ చేయదగ్గ ఖర్చా కాదా అన్నది వీళ్ళు చూసుకుంటారు. నంపై, పాండాస్, మ్యాట్‌ప్లాట్‌లిబ్, సింపై, ఆస్ట్రోపై, జూలియా అందరూ ఈ గొడుగు కిందికి వచ్చినవాళ్ళే. ఈ చాకిరీకి వచ్చిన డబ్బులో కొంత శాతం పట్టుకుంటారు. దాని మీద సణిగేవాళ్ళున్నారు. నన్నడిగితే, ఇదంతా ఉచితంగా చేస్తామని ఉంటే ఆ పుస్తకాలు చూడ్డానికే నేను భయపడేదాన్ని.

ఇవి కాక చిన్న అభివృద్ధి గ్రాంట్లు ఇస్తారు, పైడేటా సదస్సులు జరుపుతారు, కొత్తవాళ్ళచేత ఇలాంటి లైబ్రరీలకి కోడ్ రాయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో తమ లైబ్రరీలన్నిటి తరఫునా నిలబడతారు. వాటి గురించి నాకు పెద్దగా చెప్పేదేం లేదు.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, చందా పేజీలో ఫలానా లైబ్రరీకే ఇస్తానని ఎంచుకోవచ్చు. ఎంచుకునేటప్పుడు మనకి పేరు తెలిసినదే నొక్కుతాం. నేనూ పాండాసే నొక్కాను. పాండాస్ కింద నంపై ఉంది, దాని కింద మనం పేరు కూడా వినని లైబ్రరీలున్నాయి. అక్కడ ఒక్కరే కూర్చుని పనిచేస్తున్నా దాత కంటికి కనపడరు. ఈ చిక్కు నమ్‌ఫోకస్ సృష్టించింది కాదు, కానీ ఆ పేజీ దాన్ని తీర్చనూ లేదు.

రెండోది గ్రాంట్ల స్వభావం. గ్రాంటుకి మొదలూ చివరా ఉంటాయి, చివర్లో ఫలానాది కట్టాం అని చూపించాలి. లైబ్రరీని బతికించే పని అలా చూపించేది కాదు. బయటివాళ్ళు పంపిన సవరణలు (పుల్ రిక్వెస్టులు) చదవడం, అడిగిందే అడిగేవాళ్ళకి ఓపిగ్గా జవాబివ్వడం, ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌కీ రిలీజ్ తయారుచేయడం. బావి తవ్వించినవాడి పేరు రాయి మీద చెక్కుతారు, పూడిక తీసేవాడి పేరు ఎక్కడా ఉండదు. ఒకసారి డాక్యుమెంటేషన్‌లో ఒక ఉదాహరణ తప్పుందని నేనూ ఒక సవరణ పంపాను. నాలుగు లైన్లు. దానికి ఆ లైబ్రరీని చూసుకునే ఒక మెయింటైనర్ రాసిన జవాబు పదకొండు లైన్లు, ఎక్కడ కామా పెట్టాలో సహా. పెట్టింది ఆదివారం రాత్రి. ఆ పదకొండు లైన్లకి ఏ గ్రాంటు రిపోర్టులో చోటుంటుంది?

ఇంకో చిన్న సంగతి. పన్ను మినహాయింపు అమెరికాలో పన్ను కట్టేవాళ్ళకే పనికొస్తుంది. అలాగే నమ్‌ఫోకస్‌వాళ్ళు ఏటా అక్కడి పన్ను శాఖకి దాఖలు చేసే లెక్కల పత్రం, ఫారం 990, ఎవరైనా చదవచ్చు గానీ, అది మొత్తం సంస్థ లెక్క. అందులో ఒక్క లైబ్రరీ పద్దు వెతికితే దొరకదు.

నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో రిపోర్టులన్నీ ఈ లైబ్రరీల మీదే నడిచేవి. కొంత డబ్బు ఇద్దామని అడిగితే మా మేనేజరుగారు “లైసెన్సు ఫీజయితే కడతాం. విరాళానికి మన దగ్గర పద్దు లేదమ్మా” అన్నారు. కాదనలేకపోయాను, ఆ పద్దుల పట్టీ తయారుచేసింది నేనే. కంపెనీలు స్పాన్సర్‌షిప్ కింద కూడా ఇవ్వచ్చని అప్పటికి నాకు తెలియదు. తెలిశాక ఆయనకి మెయిల్ పెట్టాను. చూశారో లేదో మరి.

నా చందా మాత్రం మార్చుకున్నాను. సగం పాండాస్‌కే ఉంచి, మిగతా సగం ఏ లైబ్రరీ పేరూ నొక్కకుండా నమ్‌ఫోకస్ సాధారణ నిధికి ఇస్తున్నాను.