సమ్మర్ జీపీఏ ప్యాకేజీలతో జాగ్రత్త: టెక్సస్‌లోని తల్లిదండ్రులకు

డల్లాస్ చుట్టుపక్కల హైస్కూలు పిల్లలున్న తెలుగువాళ్ళు డబ్బు కట్టేముందు ఇది చదవండి. సెలవులు దగ్గరపడగానే "జీపీఏ పెంచుతాం, క్లాస్ ర్యాంకు పైకి తెస్తాం" అంటూ ఫోన్లు మొదలవుతాయి. జీపీఏ అంటే స్కూలు గ్రేడ్ల సగటు. అలాంటి ఒక ఆన్‌లైన్ సంస్థ దగ్గర మా అమ్మాయికి కోర్సుల ప్యాకేజీ తీసుకున్నాం. ఆనర్స్ వెయిటేజీ (కష్టమైన కోర్సుకు జీపీఏలో ఇచ్చే అదనపు పాయింట్లు) ఉంటుందని, గ్రేడ్లు నేరుగా స్కూలు జీపీఏలో కలుస్తాయని స్పష్టంగా చెప్పారు. పిల్ల సెలవులన్నీ వదులుకుని చదివి అన్నింట్లో 'A' గ్రేడు తెచ్చుకుంది. ఆగస్టులో ఆ గ్రేడ్లు స్కూల్లో ఇస్తే క్రెడిట్ మాత్రమే, అంటే కోర్సు పూర్తయినట్టు లెక్క మాత్రమే వేస్తామన్నారు. జీపీఏలో కలపరట, ర్యాంకులోనూ లెక్కించరట. సంస్థనడిగితే "క్రెడిట్ వచ్చింది కదా" అని రిఫండ్ ఎగ్గొట్టారు. పిల్ల పడ్డ కష్టం తలుచుకుంటే నాకింకా కోపం తగ్గలేదు.

వాళ్ళ వ్యాపారమంతా ఈ తికమక మీదే నడుస్తోంది. పాస్ కావడానికి కావలసిన క్రెడిట్లు వేరు, జీపీఏ వేరు. టెక్సస్‌లో గ్రాడ్యుయేషన్‌కు కనీసం 22 క్రెడిట్లు, ఎండార్స్‌మెంట్‌తో (ఎంచుకున్న ఒక రంగంలో అదనపు కోర్సులు) అయితే 26 కావాలి. వీటికి తోడు ఆల్జీబ్రా 1, ఇంగ్లీష్ 1, ఇంగ్లీష్ 2, బయాలజీ, అమెరికా చరిత్రల్లో స్టార్ (STAAR) అనే రాష్ట్ర పరీక్షలుంటాయి. ఇవి రాష్ట్రం పెట్టిన రూల్స్. జీపీఏ లెక్క మాత్రం ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు స్కూళ్ళను నడిపే సంస్థ) లెక్క దానిదే. మన ఇంటర్ బోర్డులాగా అందరికీ ఒకటే పద్ధతి ఇక్కడ లేదు. ఒకచోట 5.0 స్కేలు, పక్క ఊళ్ళో 6.0. బయట చదివిన కోర్సును ర్యాంకులో కలపాలా వద్దా అన్నదీ డిస్ట్రిక్ట్ ఇష్టమే. కాబట్టి "టెక్సస్ అంతటా చెల్లుతుంది" అనేవాడి మాట నమ్మకండి.

ర్యాంకు మీద మనకింత టెన్షన్ ఉందని వాళ్ళకు బాగా తెలుసు. టాప్ 10 శాతంలో ఉంటే రాష్ట్ర యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్ ఉంది. ఆస్టిన్‌లోని యూటీకైతే (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) 2026 ఫాల్ సెమిస్టర్ నుంచి అది టాప్ 5 శాతమే. ఈ ఆటోమేటిక్ అడ్మిషన్‌కు డిస్టింగ్విష్డ్ లెవెల్ అనే పై స్థాయి గ్రాడ్యుయేషన్ కూడా ఉండాలి, అంటే ఆల్జీబ్రా 2 తప్పనిసరి. ఈ సంగతి మాకు అమ్మినవాళ్ళు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

మీ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఈఐసీ లోకల్ (EIC LOCAL) అనే పాలసీ వెతకండి, క్లాస్ ర్యాంకు ఎలా కడతారో అందులోనే ఉంటుంది. తర్వాత కోర్సు పేరు, సంస్థ పేరు రాసి స్కూలు కౌన్సిలర్‌కు ఈమెయిల్ పెట్టండి. క్రెడిట్ ఇస్తారా, జీపీఏలో కలుపుతారా, వెయిటేజీ ఎంత అని విడివిడిగా అడగండి. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) కోర్సు అని చెబితే దాన్ని నడిపే కాలేజ్ బోర్డు ఆడిట్‌లో ఆమోదం ఉందో లేదో చూడండి, అది లేకుండా ఆ పేరు వాడకూడదు.

మేము క్రెడిట్ కార్డు కంపెనీలో డిస్ప్యూట్ వేశాం. వాట్సాప్‌లో వాళ్ళు రాసిన మెసేజీలే మా దగ్గరున్న ఆధారం. మీకు ఫోన్లో ఏ హామీ ఇచ్చినా రాసి పంపమనండి. పంపకపోతే ఒక్క డాలరు కూడా కట్టకండి.