బీటెక్ నాలుగేళ్లూ సైనిక్ బోర్డు స్కాలర్‌షిప్: వాడి చూశాక

కేంద్రీయ సైనిక్ బోర్డు మాజీ సైనికుల పిల్లలకిచ్చే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ గురించి గుంటూరు, విజయవాడల్లో చాలామందికి తెలుసు. అందులో సగం తప్పుగా తెలుసు. అమ్మాయికి నెలకు 3,000, అబ్బాయికి 2,500 చొప్పున లెక్కగట్టి ఏడాదికోసారి వేస్తారు. అంటే ఏటా 36,000 లేదా 30,000. నాలుగేళ్ల బీటెక్‌కి అమ్మాయికి 1,44,000, అబ్బాయికి 1,20,000 వస్తుంది. దేశం మొత్తం మీద ఏటా కొత్తగా 5,500 మందికి ఇస్తారు, అందులో సగం అమ్మాయిలకి.

మంచి పథకమే, సందేహం లేదు. అయితే కాలేజీ ఫీజు కట్టమన్న రోజుకి ఈ డబ్బు చేతికి రాదు. వడ్డేశ్వరమైనా, వడ్లమూడైనా, కానూరైనా, ఏ ఊరి కాలేజీలోనైనా ఫీజు ముందు మనం కట్టుకోవాల్సిందే, ఇది తర్వాత వచ్చి చేరుతుంది. దీన్ని నమ్ముకుని రెండో విడత ఫీజు వాయిదా వేసుకుంటే హాల్ టికెట్ దగ్గర ఇబ్బంది పడతారు.

ముందు ఎవరికి రాదో చూసుకోవాలి. తండ్రి ఇంకా సర్వీసులో ఉంటే రాదు. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ వాళ్ల పిల్లలకూ ఇక్కడ రాదు. వాళ్లకు ఇదే పేరుతో హోం శాఖ నడిపే వేరే పథకం ఉంది, దానికి దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. పేర్లు ఒకటే కావడంతో జనం ఒక ఆఫీసులో వేయాల్సిన కాగితాలు ఇంకో ఆఫీసుకి మోస్తుంటారు. యుద్ధంలో చనిపోయినవారు, గాయపడినవారు, శౌర్య పతకాలు పొందినవారు లాంటి వర్గాలకు ముందు ప్రాధాన్యం. ఆ తర్వాతి మామూలు వర్గంలో జవాన్ నుంచి జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) వరకే. దూరవిద్య చెల్లదు, విదేశాల్లో చదువు చెల్లదు. బీటెక్‌లో చేరిన మొదటి ఏడాదే దరఖాస్తు పెట్టాలి. రెండో ఏడాదిలో గుర్తొచ్చిందంటే ఇక అంతే.

ఇంటర్‌లో 60 శాతం కావాలి. ఎంపీసీ గ్రూపు మార్కులు మాత్రమే తీసి లెక్క వేసుకునేవాళ్లున్నారు, అది తప్పు. భాషలతో కలిపి మొత్తం చూస్తారు. పైగా 60 అనేది దరఖాస్తుకి అర్హతే, ఎంపిక మెరిట్ మీద జరుగుతుంది. మామూలు వర్గంలో పోటీ గట్టిగా ఉంటుంది కాబట్టి అరవై దాటాం కదా అని నిశ్చింతగా కూర్చోవద్దు.

ఇక అసలు తంటా పేర్ల దగ్గర. సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు తండ్రికిచ్చే డిశ్చార్జ్ బుక్‌లో పిల్లల పేరు, పుట్టిన తేదీ ఉండాలి, అవి టెన్త్ మెమోతో సరిపోవాలి. మన ఇళ్లలో పిల్ల పుట్టినప్పుడు యూనిట్‌లో ముద్దుపేరో, ఇంటిపేరు లేని పేరో రాయిస్తారు. బడిలో చేర్చేటప్పుడు ఇంటిపేరు ముందుకొస్తుంది, తేదీ కూడా ఒక్కోసారి మారిపోతుంది. ఈ తేడా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సరిదిద్దేది కాదు. తండ్రి సర్వీసు వివరాలుండే రికార్డ్ ఆఫీసు పార్ట్ టూ ఆర్డర్ (రికార్డులో మార్పు నమోదు చేసే ఉత్తర్వు) ఇవ్వాలి. మద్రాస్ రెజిమెంట్ వాళ్లకి వెల్లింగ్టన్, ఆర్టిలరీ వాళ్లకి నాసిక్ రోడ్, ఈఎంఈ (సైన్యంలో యంత్రాల మరమ్మతు విభాగం) వాళ్లకి మన సికింద్రాబాదే, ఎయిర్‌ఫోర్స్ వాళ్లకి ఢిల్లీ సుబ్రతో పార్క్, నేవీ వాళ్లకి ముంబై మాన్‌ఖుర్ద్. పోస్టులో కాగితాలు పోయి రావడానికి నెలలు పడుతుంది. పిల్లలు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగానే డిశ్చార్జ్ బుక్, పీపీవో (పెన్షన్ ఉత్తర్వు), టెన్త్ మెమో, ఆధార్ నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చి చూడండి. మొత్తం వ్యవహారంలో ముందే చేసి పెట్టుకోగల పని ఇదొక్కటే.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అడ్రసుల గందరగోళం కూడా తోడైంది. నరసరావుపేట ఇప్పుడు పల్నాడు, బాపట్ల వేరే జిల్లా. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో ఉంటే, ఆటోలో పది నిమిషాల దూరంలోని కానూరు, పోరంకి కృష్ణా జిల్లాలో ఉన్నాయి. ఆధార్‌లో పాత జిల్లా, ఎక్స్‌సర్వీస్‌మన్ గుర్తింపు కార్డులో ఇంకోటి ఉంటే ప్రశ్నలు వస్తాయి. ఇల్లు మారినవాళ్లు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో రిజిస్ట్రేషన్ కూడా బదిలీ చేయించుకోవడం మేలు.

దరఖాస్తు కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లోనే. ప్రధానమైన పత్రాలు మూడు: మాజీ సైనికుడి పిల్లలేనని జిల్లా సైనిక సంక్షేమ అధికారి సంతకం చేసేది, కాలేజీ ఇచ్చే బోనఫైడ్, బ్యాంకు ధ్రువీకరణ. మూడూ వాళ్లు ఇచ్చిన నమూనాలోనే ఉండాలి. కాలేజీ ఆఫీసులో బోనఫైడ్ అడిగితే బస్ పాస్‌కి ఇచ్చే స్టడీ సర్టిఫికెట్ చేతిలో పెడతారు, అది పనికిరాదు. నమూనా ప్రింట్ తీసుకెళ్లి, కోర్సు పేరు, చేరిన సంవత్సరం, కాలవ్యవధి నింపించి, ప్రిన్సిపాల్ సంతకంతో పాటు గుండ్రటి సీలు వేయించుకోవాలి. అప్‌లోడ్ చేశాక ఒరిజినల్స్ పట్టుకుని జిల్లా ఆఫీసుకి వెళ్లాలి. ఆన్‌లైన్‌లో పంపేశాం కదా అని ఊరుకుంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత కూడా వారానికోసారి లాగిన్ అయి స్టేటస్ చూస్తుండాలి. అభ్యంతరం పెడితే అక్కడే కనిపిస్తుంది, సరిచేసే గడువు దాటితే అడిగే నాథుడుండడు. మసకగా ఉన్న స్కాన్‌లకే ఎక్కువ అభ్యంతరాలు వస్తాయి. ఫోన్‌తో ఫొటో తీయకుండా జిరాక్స్ షాపులో స్కాన్ చేయించండి.

ఖాతా విద్యార్థి పేరు మీదే, ఆధార్‌తో లింకై ఉండాలి. పదిహేడేళ్లప్పుడు తెరిచిన మైనర్ ఖాతా అయితే పద్దెనిమిది నిండగానే కేవైసీ మార్పించాలి. రెండేళ్లకు పైగా మన లావాదేవీ ఏదీ లేకపోతే ఖాతా స్తంభించిపోవచ్చు, కాబట్టి అప్పుడప్పుడూ ఓ వంద తీస్తూ వేస్తూ ఉండండి. పాత ఆంధ్రా బ్యాంక్ పాస్‌బుక్ చూసి ఐఎఫ్‌ఎస్‌సీ కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు! అది 2020లోనే యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంక్ కూడా 2025 మే నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంక్‌లో భాగం. కోడ్ బ్రాంచిలో అడిగి రాసుకోండి.

రెన్యూవల్‌కి ప్రతి విద్యా సంవత్సరం కనీసం 50 శాతం కావాలి. చదివే పిల్లలకి అదేమంత లెక్క కాదు, చిక్కంతా సీజీపీఏని శాతంలోకి మార్చడంలో వస్తుంది. అన్ని యూనివర్సిటీల్లో సీజీపీఏని పదితో గుణిస్తే సరిపోదు, కొన్ని చోట్ల ముందు కొంత తీసేసి గుణిస్తారు. సొంతంగా లెక్కవేసి నింపకుండా, మార్పిడి సూత్రం కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించుకుని మెమోలతో జత చేయాలి. ఒక్క సబ్జెక్టు మిగిలిపోయినా ఆ ఏడాది పాసైనట్టు చూపించడం కష్టం. రెన్యూవల్ ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

సీటు విషయంలో ఉపయోగపడేది వేరే ఉంది. ఏపీ ఈఏపీసెట్‌లో సైనికుల పిల్లలకి క్యాప్ కోటా 2 శాతం. ఇందులో సర్వీసులో ఉన్నవాళ్ల పిల్లలూ వస్తారు. ఈ ప్రత్యేక కేటగిరీ పత్రాల పరిశీలనకి వేరే తేదీలు ఇస్తారు, విజయవాడలో జరుగుతుంది. ఆ తేదీ తప్పితే క్యాప్ కింద ర్యాంకు చూడరు.

ఈ స్కాలర్‌షిప్ వర్తించని బీఏ, బీకామ్, బీఎస్సీ చదివేవాళ్లకి రక్షా మంత్రి నిధి నుంచి వచ్చే విద్యా గ్రాంటు ఉంది. హవల్దార్, అంతకన్నా కింది ర్యాంకుల వాళ్లకి, ఇద్దరు పిల్లల వరకు. నెలకు 1,000 ఉండేది, 2025 నవంబరు నుంచి పెట్టే దరఖాస్తులకి 2,000 చేశారు. తరగతి పాసయ్యాక వేసుకోవాలి, అదే చదువుకి వేరే చోట నుంచి తీసుకోవడం లేదని ప్రకటన ఇవ్వాలి. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఒక మనిషికి ఒక్క కోర్సుకే. బీటెక్‌కి వాడుకుంటే తర్వాత ఎంబీఏకి మళ్లీ రాదు. డిగ్రీ చదివి ఎంబీఏనో ఎంసీఏనో చేయాలనుకునే పిల్లలుంటే డిగ్రీకి ఆ గ్రాంటు తీసుకుని, పీజీలో చేరిన మొదటి ఏడాది స్కాలర్‌షిప్‌కి పెట్టుకోవచ్చు. అక్కడ 60 శాతం డిగ్రీ మార్కుల మీద చూస్తారు.