80 నిమిషాలు, ముగ్గురు గార్డులు: ఎవరికి ఎంతసేపు?

అంతర్జాతీయ నిబంధనల ప్రకారం బాస్కెట్‌బాల్ మ్యాచ్ 40 నిమిషాలు, పదేసి నిమిషాల క్వార్టర్లు నాలుగు. కోర్టులో ఉండే ఐదుగురిలో ఇద్దరు గార్డులు (రింగుకు దూరంగా ఉండి బంతిని నడిపేవాళ్లు) అనుకుంటే, ఆ రెండు స్థానాలకూ కలిపి పంచవలసినవి 80 నిమిషాలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాశాల జట్లలో ఈ 80 నిమిషాలకు సాధారణంగా ముగ్గురు హక్కుదారులుంటారు: ఎంత ఒత్తిడిలోనైనా బంతిని అవతలి వైపుకు చేర్చగల పాయింట్ గార్డు, దూరం నుంచి నమ్మకంగా వేయగల షూటింగ్ గార్డు, వారిద్దరినీ చూసి నేర్చుకుంటున్న జూనియర్. అమ్మాయిల జట్లలోనూ లెక్క ఇదే.

ఈ పంపకం మన కళాశాలల్లో మూడు రకాలుగా జరుగుతోంది. మెరుగైన ఇద్దరినే దాదాపు మ్యాచంతా ఆడించి, మూడోవాణ్ణి తప్పనిసరైతేనే దింపడం ఒకటి. ముగ్గురికీ ఇంచుమించు సమానంగా పంచడం రెండోది. ఎక్కువ తక్కువలు ఉంచుతూనే, మూడో గార్డు ఎప్పుడు దిగుతాడో, ఎప్పుడు తిరిగి వస్తాడో మ్యాచ్‌కు ముందే ఖాయం చేయడం మూడోది. మన వాతావరణానికి, మన కోర్టులకు, మన టోర్నమెంట్లు జరిగే తీరుకు ఈ మూడో పద్ధతే మేలని నా గట్టి నమ్మకం. అయితే మొదటిదాన్ని తేలిగ్గా తోసిపుచ్చడం న్యాయం కాదు, ఎందుకంటే దాన్ని పాటించే పీడీ (ఫిజికల్ డైరెక్టర్) మాస్టార్లకు బలమైన కారణమే ఉంది.

ఇక్కడి పల్లెల్లో పెరిగిన పిల్లలకు కబడ్డీ, వాలీబాల్ ఊహ తెలిసినప్పటి నుంచీ పరిచయం. బాస్కెట్‌బాల్ రింగు కింద చాలామంది మొదటిసారి నిలబడేది ఇంటర్‌లోనో డిగ్రీలోనో చేరాకే. ఎగరడం, పరిగెత్తడం, ఒంటి బలం త్వరగానే ఈ ఆటకూ పనికొస్తాయి గానీ, తల ఎత్తి ఎదుటివాళ్లను చూస్తూ ఏ చేత్తోనైనా డ్రిబుల్ చేయడం (బంతిని నేలకు కొడుతూ నడపడం) మాత్రం ఏళ్ల సాధనతోనే అబ్బుతుంది. అందుకే మన జట్లలో మొదటి గార్డుకూ మూడో గార్డుకూ మధ్య దూరం, రింగు దగ్గర ఆడే పొడగరుల మధ్య ఉండే దూరం కంటే చాలా ఎక్కువ. బంతి దొరికాక 8 సెకన్లలో సగం కోర్టు దాటాలి, 24 సెకన్లలో షాటు వేయాలి. ప్రత్యర్థులు కోర్టంతా వెంటాడి అడ్డుకునే ఫుల్‌కోర్టు ప్రెస్‌కు దిగినప్పుడు అనుభవం లేని గార్డు తడబడితే, రెండు నిమిషాల్లో ఆరేడు పాయింట్లు చేజారిపోతాయి. పైగా రోజూ కలిసి ఆడే ఇద్దరికీ ఒకరి కదలిక మరొకరికి చెప్పకుండానే తెలుస్తుంది. ఒక్క మ్యాచ్‌నే లెక్కలోకి తీసుకుని, ఆ మ్యాచ్ చల్లని ఇండోర్ హాల్లో జరుగుతుందనుకుంటే, నేనూ ఇద్దరినే నమ్ముకోమంటాను.

కానీ మన కళాశాలల మ్యాచ్‌లు ఎక్కువగా పైకప్పు లేని సిమెంటు కోర్టుల మీద జరుగుతాయి. తీరం దగ్గరే కావడంతో ఎండ తక్కువున్న రోజున కూడా గాలిలోని తేమ ఒంట్లో సత్తువను పీల్చేస్తుంది. సోంపేట నుంచో బొబ్బిలి నుంచో తెల్లవారుజామునే ఆర్టీసీ బస్సెక్కి వచ్చిన జట్టు పొద్దున ఒక లీగ్ మ్యాచ్ ఆడి, సాయంత్రం మరొకటి ఆడవలసి రావడం మామూలే. ఇద్దరు గార్డులూ పొద్దున 38 నిమిషాల చొప్పున ఆడితే, దాని భారం సాయంత్రం మ్యాచ్ నాలుగో క్వార్టర్‌లో బయటపడుతుంది.

అలసిన గార్డును గుర్తుపట్టడం కష్టం కాదు. మోకాలి ఎత్తున ఉండవలసిన డ్రిబుల్ నడుము దాటి పైకి లేస్తుంది. విజిల్ పడినప్పుడల్లా చెమట చేతుల్ని షార్ట్స్‌కు తుడుచుకుంటాడు. రక్షణలో కాళ్లు కదపవలసిన చోట చేతులు చాచి ఫౌల్ చేస్తాడు. అన్నిటికంటే నమ్మదగిన గుర్తు ఫ్రీత్రో (ఫౌల్‌కు బదులుగా అడ్డు లేకుండా వేసే షాటు): కాళ్లలో బలం తగ్గినవాడి షాటు నేరుగానే వెళ్లినా, రింగు ముందు అంచుకు తగిలి ఇవతల పడుతుంది. ఇవేవీ స్కోరు షీటులో అలసటగా నమోదు కావు. ఒకటి టర్నోవర్‌గా (బంతి చేజార్చుకోవడంగా), ఒకటి ఫౌల్‌గా, ఒకటి తప్పిన షాటుగా మిగిలిపోతాయి. చివరికి నిందంతా ఆ కుర్రాడి ఏకాగ్రత మీద పడుతుంది. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.

అలసట కనబడగానే మార్చవచ్చు కదా అనేవారు ఒక నిబంధనను మరిచిపోతారు. ఈ ఆటలో మార్పులకు సంఖ్యా పరిమితి లేదు గానీ, సమయ పరిమితి ఉంది. గడియారం ఆగి, బంతి డెడ్ (ఆటలో లేని స్థితి) అయినప్పుడే మార్పు కుదురుతుంది. మార్పు కోరవలసింది కోచ్ కాదు. దిగబోయే ఆటగాడే స్కోరర్ బల్ల దగ్గరకు వెళ్లి చెప్పాలి. నాలుగో క్వార్టర్ చివరి రెండు నిమిషాలను మినహాయిస్తే, మామూలు బాస్కెట్ పడినంత మాత్రాన గడియారం ఆగదు. రెండు జట్లూ వేగంగా ఆడుతూ బాస్కెట్లు వేసుకుంటూ పోతే, రెండు మూడు నిమిషాల పాటు విజిలే వినబడకపోవచ్చు. అలసిన గార్డు ఆ కాసేపూ లోపలే ఉండిపోతాడు, మూడో గార్డు బల్ల దగ్గర ఎదురుచూస్తుంటాడు. ఆట ఆపడానికి టైమౌట్ ఉంది కదా అంటే, మొదటి సగానికి దొరికేవి రెండు, రెండో సగానికి మూడు మాత్రమే. ఒకరికి ఊపిరి తీసుకునే వ్యవధి కోసం వాటిని ఖర్చుచేస్తే చివర్లో చేతులు కట్టుకుని కూర్చోవాలి. కాబట్టి అలసట కనబడ్డాక మార్చడం ఎప్పుడూ ఆలస్యమైన మార్పే.

సమాన పంపకం సంగతికి వస్తే, ముగ్గురికీ దాదాపు 27 నిమిషాల చొప్పున వస్తాయి. ఎవరి మనసూ నొప్పించకూడదన్న సదుద్దేశం దీని వెనుక ఉంది, అలసట సమస్యా తీరుతుంది. కానీ పాయింట్ గార్డు ఆట తరచుగా తెగిపోతే అతనికి ప్రత్యర్థి రక్షణ అర్థం కాదు. ఎవరు ఏ వైపు నెడుతున్నారు, ఎవరు సాయానికి ఆలస్యంగా వస్తున్నారు అనేవి నాలుగైదు సార్లు బంతి తీసుకెళ్లి చూస్తేనే తెలుస్తాయి. అది తెలిసేసరికి బయటికి పిలిస్తే, తెలుసుకున్నది వృథా.

ఈ పద్ధతికి పెద్ద ఉదాహరణగా అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయం జట్టును చూపుతుంటారు. 2014-15 సీజన్ మొదట్లో కోచ్ జాన్ కాలిపరి ఐదుగురిని ఒక దళంగా, మరో ఐదుగురిని ఇంకో దళంగా చేసి, దళానికి దళాన్నే మార్చేవాడు. గార్డులలో హారిసన్ కవలలు మొదటి దళంలో, టైలర్ యులిస్, డెవిన్ బుకర్ రెండో దళంలో ఉండేవారు. ఆ జట్టు వరసగా 38 మ్యాచ్‌లు గెలిచి, జాతీయ సెమీఫైనల్లో విస్కాన్సిన్ చేతిలో ఓడింది. అయితే ఆ దళాల పద్ధతి చివరిదాకా నిలవలేదు. డిసెంబరులో అలెక్స్ పోయ్‌త్రెస్ మోకాలి గాయంతో సీజన్‌కు దూరమయ్యాక సడలిపోయింది. దేశమంతటి నుంచీ ఏరికోరి ఆటగాళ్లను తెచ్చుకున్న జట్టే ఒక్క గాయంతో దాన్ని వదులుకున్నప్పుడు, రోజూ సాధనకు పది మంది రావడమే గగనమైన మన జట్లకు అది పనికిరాదు. ఆ జట్టు నుంచి మనం నేర్చుకోదగినది మరొకటుంది, దాని గురించి కాస్త తర్వాత చెబుతాను.

ఇక మూడో పద్ధతిని నిమిషాల్లో చూపిస్తాను. మొదటి క్వార్టర్‌లో మొదటి ఇద్దరూ ఏడు నిమిషాలు ఆడతారు. ఏడో నిమిషం తర్వాత దొరికిన తొలి విజిల్‌కు పాయింట్ గార్డు బయటికి వస్తాడు, మూడోవాడు దిగుతాడు. రెండో క్వార్టర్ మూడో నిమిషం వరకూ పాయింట్ గార్డుకు విశ్రాంతే. గడియారంలో పోయినవి ఆరు నిమిషాలే గానీ, క్వార్టర్ల మధ్య రెండు నిమిషాల విరామం, ఫౌళ్లకూ ఫ్రీత్రోలకూ ఆగిన సమయం కలుపుకుంటే అతను బెంచి మీద పది నిమిషాలకు తక్కువ కాకుండా కూర్చుంటాడు. విశ్రాంతిని ఎప్పుడూ విరామానికి అటూ ఇటూ పడేలా పెట్టాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే. అతను తిరిగి దిగగానే షూటింగ్ గార్డు నాలుగు నిమిషాలు ఆగుతాడు. చివరి మూడు నిమిషాలకు మొదటి జంట మళ్లీ కలుస్తుంది. అప్పటికి మూడోవాడు పది నిమిషాలు ఆడి ఉంటాడు. రెండో సగంలో షూటింగ్ గార్డు మూడో క్వార్టర్ ఆఖరి నాలుగు, నాలుగో క్వార్టర్ మొదటి రెండు నిమిషాలు ఆగితే, ఆ వెంటనే పాయింట్ గార్డు మరో రెండు నిమిషాలు ఆగుతాడు. మొత్తం మీద పాయింట్ గార్డుకు 32, షూటింగ్ గార్డుకు 30, మూడోవాడికి 18 వస్తాయి. విజిళ్లు మనం కోరిన క్షణానికి పడవు గనుక ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ అవుతాయి. ఫౌళ్లూ ఈ లెక్కను మార్చగలవు. ఐదో ఫౌల్‌తో ఆటగాడు మ్యాచ్‌కే దూరమవుతాడు కాబట్టి, మొదటి సగంలోనే మూడు పడినవాణ్ణి ముందుగా బయటికి తీయక తప్పదు. అప్పుడు కూడా, అప్పటికే మ్యాచ్‌లో కొంతసేపు ఆడిన మూడో గార్డు సిద్ధంగా ఉంటాడు.

ఈ లెక్క కాగితం మీదే ఆగిపోకుండా ఉండాలంటే సాధనలో ఒక మార్పు తప్పదు. మన కళాశాలల్లో వారమంతా మొదటి ఇద్దరూ ఒక వైపు, మూడోవాడు ఎదుటి వైపు ఆడుతుంటారు. మ్యాచ్‌లో దిగినప్పుడు అతను తన పక్కనున్నవాడితో ఎప్పుడూ జంటగా ఆడి ఉండడు, అడ్డుకోవడమే తెలుసు. షూటింగ్ గార్డు, మూడో గార్డు జంటగా ప్రెస్‌ను దాటడం వారానికి రెండు రోజులైనా చేయించాలి. పాయింట్ గార్డు లేని ఆ ఆరు నిమిషాలకు ఒకటే సులువైన ఆటను, పొడగరికి హైపోస్టులో (ఫ్రీత్రో గీత దగ్గర) బంతి అందించి ఇరువైపులా కట్ చేయడం (రింగు వైపు దూసుకెళ్లడం) లాంటిదాన్ని, నేర్పితే చాలు. ముగ్గురినీ ఒకేసారి దింపే చిన్న జట్టు కూర్పు కూడా అప్పుడే అలవాటవుతుంది. ప్రత్యర్థి ప్రెస్ వేస్తే అది మంచి ఉపాయమే గానీ, రీబౌండ్లలో (తప్పిన షాటు బంతిని అందుకోవడంలో) నష్టపోతాం కాబట్టి కొద్ది నిమిషాలకే పనికొస్తుంది.

నిమిషాలను ముందే ఖాయం చేయడం వల్ల అసలు లాభం మూడో గార్డు మనసులో జరుగుతుంది. ఎప్పుడు పిలుస్తారో తెలియని కుర్రాడు దిగిన వెంటనే తనను తాను నిరూపించుకోవాలని తొందరపడి షాటు వేస్తాడు. అది తప్పితే బెంచి వైపు చూస్తాడు. రెండో తప్పుకు ఎలాగూ బయటికి పిలుస్తారు. ఒక జూనియర్ వాళ్ల పీడీ మాస్టారితో, “మాస్టారూ, ఎంతసేపు ఆడిస్తారన్నది మీ ఇష్టమండి, ఎప్పుడన్నది మాత్రం ముందే చెప్పేయండి” అనడం నేను విన్నాను. అతను అడిగినది సమానత్వం కాదు, నిశ్చయం. కెంటకీ నుంచి నేర్చుకోవలసినదీ ఇదే: డెవిన్ బుకర్ ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్‌లోనూ మొదటి ఐదుగురిలో లేడు, అయినా తన వంతు నిమిషాలు తనకు దక్కాయి, అదే ఏడాది అమెరికా వృత్తి లీగ్ ఎన్‌బీఏ కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో 13వ స్థానంలో ఎంపికయ్యాడు.

మన దగ్గర మరో అవసరం కూడా ఉంది. సెమిస్టర్ ల్యాబ్ పరీక్ష పడి పాయింట్ గార్డు రాలేకపోవచ్చు, సిమెంటు మీద మడమ బెణకవచ్చు, ఫైనలియర్ కుర్రాడు ఉద్యోగం దొరికి ఏప్రిల్ తర్వాత కనబడకపోవచ్చు. మూడోవాడికి లీగ్ దశలో మ్యాచ్‌కు 18 నిమిషాలు ఇచ్చిన జట్టుకు ఆ రోజున ఆట తెలిసిన గార్డు ఒకడుంటాడు.

నాలుగో క్వార్టర్ చివరి ఆరు నిమిషాలను మాత్రం ఎవరి పేరా రాయకూడదు. ఆ రోజు బంతి ఎవరి చేతిలో భద్రంగా ఉందో, ఎవరికి ఫౌళ్లు తక్కువో, ఎవరి ఫ్రీత్రోలు పడుతున్నాయో చూసి ఇద్దరిని ఎంచుకోవాలి. ప్రత్యర్థి క్వార్టర్‌లో నాలుగు ఫౌళ్లు దాటిపోయాక రక్షణలో చేసే మామూలు ఫౌళ్లకు కూడా రెండేసి ఫ్రీత్రోలు వస్తాయి గనుక చివరిదే ఎక్కువ బరువు తూగుతుంది. నాకౌట్ ఫైనల్ అయితే మూడోవాడి 18 నిమిషాలను 12కు తగ్గించడానికి నేను ఒప్పుకుంటాను. తగ్గించేది రెండో సగంలోనే తగ్గించాలి; మొదటి క్వార్టర్ ఆఖరి మూడు, రెండో క్వార్టర్ మొదటి మూడు నిమిషాలను ఫైనల్లో కూడా ముట్టుకోకూడదు.